ఎంబామింగ్ తప్పనిసరి కాదు, ఆ ఒక్క వాక్యం సవరించండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ పత్రికలో అమెరికాలో అంత్యక్రియల ఖర్చుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. శవాల మీద డాలర్లు ఏరుకునే వ్యాపారం అని రాశారు. నేను ఆ వ్యాపారంలోనే ఉన్నాను. విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిల్వాకీకి దగ్గర్లో ఒక చిన్న ఊళ్లో లైసెన్సున్న ఫ్యునరల్ డైరెక్టర్‌ని, అంటే శవాన్ని సిద్ధం చేసి అంత్యక్రియలు జరిపించేదాన్ని. పదేళ్లు దాటింది. చదవగానే కోపం వచ్చింది. రెండోసారి చదివితే సగం కోపం పోయింది. ఎందుకంటే మీరు రాసినదాంట్లో సగం నిజం, ఆ సగం మా ఇంట్లోనే జరిగింది. మిగతా సగం చెప్పేవాళ్లు లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైతే ఎక్కడ కావాలంటే అక్కడ కోసుకోండి. ‘అమెరికా చట్టం ప్రకారం ఎంబామింగ్ తప్పనిసరి’ అని మీరు రాసిన వాక్యానికి చివర్లో అడిగిన సవరణ మాత్రం వదిలేయకండి. ఎంబామింగ్ అంటే శవం పాడవకుండా లోపలికి మందు ఎక్కించడం.

ముందు మా ఇంటి సంగతి. 2010 జనవరి. అప్పుడు మేం వేరే రాష్ట్రంలో ఉండేవాళ్లం. మామయ్యగారు మనవడిని చూసుకుందామని వచ్చారు. ఒకరోజు తెల్లవారి కాఫీ తీసుకెళ్లి లేపితే లేవలేదు. బయట మోకాళ్ల దాకా మంచు. మా ఆయన ఒక్కడే కొడుకు. ఇండియాలో అత్తయ్యగారికి ఎలా చెప్పాలో తెలియదు, ఇక్కడ ఎవరిని పిలవాలో అంతకన్నా తెలియదు. పోలీసులు వచ్చి వెళ్లాక, ఫోనులో దగ్గర్లో కనిపించిన ఫ్యునరల్ హోమ్‌కి ఫోన్ చేశాం.

నల్ల సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి, చాలా మెల్లగా మాట్లాడాడు. ఎంబామింగ్ చేయించాలి, రూల్ అన్నాడు. దహనానికైనా పెట్టె కావాలన్నాడు. ఒక గదిలోకి తీసుకెళ్తే నున్నగా మెరిసే చెక్కపెట్టెలు, లోపల తెల్లటి సాటిన్ గుడ్డ. మా ఆయన వాటి వంక సరిగ్గా చూడనైనా చూడలేదు. మధ్యలో ఉన్నది చూపించి ‘అది’ అన్నాడు. ధర అడుగుదామని నా నోటి దాకా వచ్చింది. అడగలేకపోయాను. మామగారి శవం పక్క గదిలో ఉంటే కోడలు రేటు అడిగింది అంటారేమోనని. అలా అనడానికి అక్కడ మనవాళ్లు ఎవరూ లేరు, అయినా భయమే. చివరికి తొమ్మిది వేల డాలర్ల పైన అయింది. రెండు క్రెడిట్ కార్డుల మీద కట్టాం. ఆ పెట్టె మామయ్యగారితో పాటే కాలిపోయింది.

రెండేళ్ల తర్వాత మా ఆయన ఉద్యోగం కోసం విస్కాన్సిన్ వచ్చాం. గ్రీన్‌కార్డు వచ్చాక నేనూ ఏదైనా చదువుదామనుకున్నాను. ఇండియాలో జువాలజీ చదివాను, రెండేళ్లు స్కూల్లో పాఠాలు చెప్పాను. మిల్వాకీ ఏరియా టెక్నికల్ కాలేజీలో ఫ్యునరల్ సర్వీస్ కోర్సు ఉందని చూశాను. ఎందుకు చేరావని ఇప్పటికీ అడుగుతారు. మామయ్యగారిని ఆ గదిలో ఎవరు ముట్టుకున్నారో, ఏం చేశారో నాకు తెలియదు. అది తెలుసుకోవాలనిపించింది. అంతకు మించి పెద్ద కారణం ఏమీ లేదు.

మొదటి సెమిస్టర్‌లో ఒకరోజు ఫ్యునరల్ రూల్ అనే పాఠం. అమెరికా ప్రభుత్వంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే సంస్థ ఉంది, వినియోగదారుల రక్షణ చూస్తుంది. అది పెట్టిన నియమం ఇది. 1984 నుంచి అమల్లో ఉంది. మనిషి వచ్చి ధరల గురించి మాట మొదలుపెట్టగానే అచ్చువేసిన ధరల పట్టిక చేతికివ్వాలి, ఇంటికి తీసుకెళ్లనివ్వాలి. ఫోనులో అడిగినా చెప్పాలి. చట్టంలో లేని చోట ఎంబామింగ్ తప్పనిసరి అని చెప్పకూడదు. నేరుగా దహనానికి పెట్టె కొనాలని చెప్పకూడదు, అట్టతోనో మామూలు చెక్కతోనో చేసిన సాదా డబ్బా ఇవ్వాలి. మాస్టారు ఒక్కొక్కటే చెబుతున్నారు. నేను నోట్సులో ఒక్కొక్క దాని పక్కనా టిక్కు పెడుతున్నాను. మూడు టిక్కులయ్యాక చెమటలు పట్టాయి. మా దగ్గర తీసుకున్న డబ్బులో చాలా భాగం ఏ చట్టమూ కట్టమనలేదు. మాకు తెలియదు, మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

హోవర్డ్ రేథర్ అనే పేరు ఆ పాఠంలోనే మొదటిసారి విన్నాను. మీ వ్యాసంలో ఆ పేరు లేదు. ఉండి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో.

ఇక్కడి ఫ్యునరల్ డైరెక్టర్ల జాతీయ సంఘం 1882లో పుట్టింది. చాలా కాలం దాని కార్యాలయం మిల్వాకీలోనే ఉండేది, ఇప్పుడు పక్కనే బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంది. 1948 నుంచి 1983 దాకా, ముప్పై అయిదేళ్లు, ఆ సంఘాన్ని నడిపించినవాడు రేథర్. ఆయన చదివింది లా. అయినా ఈ వృత్తి తరఫున పత్రికల్లో, సభల్లో, వాషింగ్టన్‌లో ఎక్కడ మాట్లాడాల్సి వచ్చినా ఆయన గొంతే వినిపించేది. శవాన్ని కడగడం మైల పని అని ఇక్కడివాళ్లు అనరు. కానీ వెనక నవ్వుతారు. సినిమాల్లో అండర్‌టేకర్ (మా వృత్తికి పాత పేరు) అంటే పొడుగు టోపీ పెట్టుకుని కొలత టేపు పట్టుకున్న దొంగముఖమే. ఆ ముఖం మార్చాలన్నది ఆయన పట్టుదల. చరిత్ర, సామాజిక శాస్త్రం తెలిసినవాళ్లతో ఈ వృత్తి చరిత్ర రాయించి 1955లో సంఘం తరఫున అచ్చువేయించారు. 1975లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మార్చురీ సైన్స్, అంటే మా వృత్తి చదువు, చెప్పే రాబర్ట్ స్లేటర్‌తో కలిసి రేథర్ ఒక పుస్తకం తెచ్చారు. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఫ్యునరల్ డైరెక్టర్ ఎలా తోడుండాలన్నది దాని విషయం. చచ్చినవాడి పని ఎంతో బతికున్నవాళ్ల పనీ అంతే అని ఆయన వాదన. చనిపోయిన మనిషి ముఖం చూడాలి, నలుగురూ ఒకచోట కూడాలి, అప్పుడే బతికున్నవాళ్లు నిలదొక్కుకుంటారని అనేవాడు. ఇందులో వ్యాపారం లేదా? ఉంది. ముఖం చూడాలంటే ఎంబామింగ్ కావాలి, మంచి పెట్టె కావాలి, హాలు కావాలి. వాటన్నిటికీ బిల్లు ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియకుండా ఉండదు.

1963లో జెస్సికా మిట్‌ఫోర్డ్ రాసిన పుస్తకం వచ్చింది, ‘ది అమెరికన్ వే ఆఫ్ డెత్’. ఆవిడ పుట్టింది ఇంగ్లండ్‌లో, కాలిఫోర్నియాలో స్థిరపడింది. భర్త లాయరు. అంత్యక్రియల ఖర్చు తగ్గించుకోవడానికి జనం పెట్టుకున్న ఒక సంఘానికి ఆయన సాయం చేసేవాడు, ఆవిడకి ఈ విషయం మీద కన్ను పడింది అక్కడే. ఆ పుస్తకం మా క్లాసులో చదవమన్నారు. నా వృత్తిని ఆవిడ ఉతికి ఆరేస్తుంటే నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మా ఇంట్లో జరిగిందంతా, 2010లో జరిగిందంతా, అందులో ముందే రాసి ఉంది. నల్ల సూటు, మెల్లటి మాట, పెట్టెల గది, ఏది ఏ మూల పెడితే ఏది కొంటారన్న లెక్క.

దేశమంతా ఆ పుస్తకం గురించి మాట్లాడుకుంది. 1964లో సెనేట్ ఉపసంఘం ఈ వ్యాపారం మీద విచారణ జరిపింది. వృత్తి తరఫున నిలబడాల్సిన భారం రేథర్ మీద పడింది. నేను ఆయన్ని తప్పుపట్టేది ఇక్కడి నుంచి. అప్పటి దాకా సంఘం నియమావళిలో సభ్యులు ధరలతో ప్రకటనలు ఇవ్వకూడదని ఉండేది. అది మర్యాద తక్కువ పని అట! దీని మీద న్యాయశాఖ కోర్టుకు వెళ్తే 1968లో సంఘం దిగొచ్చి ఒప్పుకుంది. 1975లో ట్రేడ్ కమిషన్ ఫ్యునరల్ రూల్ ముసాయిదా తెచ్చింది. సంఘం దాన్నీ ఏళ్ల తరబడి వ్యతిరేకించింది. దుఃఖంలో ఉన్నవాళ్ల చేతికి రేట్ల కాగితం ఇవ్వడం మోటుపని అన్నది వాళ్ల భావన. రేథర్ 1983లో పదవి దిగారు. నియమం 1984 ఏప్రిల్ 30న అమల్లోకి వచ్చింది.

ఆయన్ని దొంగ అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. దుఃఖంలో ఉన్న మనిషికి ఏం కావాలో అంతగా ఆలోచించినవాడు, ఆ మనిషికి లెక్క కూడా కావాలని ఎందుకు అనుకోలేదు? నాకు తట్టింది ఒకటే. ఆయన బల్లకి అవతలి పక్క ఎప్పుడూ కూర్చోలేదు, క్రెడిట్ కార్డు పట్టుకుని.

కానీ ముఖం చూడాలన్న మాట ఉంది చూశారూ, అది మాత్రం నేను కొట్టిపారేయలేను. ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక తెలుగమ్మాయి ఇక్కడ కారు ప్రమాదంలో పోయింది. ఎంఎస్ చదువుతోంది. వివరాలు చెప్పను. రూమ్మేట్లు నలుగురు పిల్లలు మా హాల్లో కూర్చున్నారు, ఎవరికీ పాతికేళ్లు లేవు. ఇండియాకి పంపాలి. దానికి కాగితాలు ఒక కట్ట: డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ సర్టిఫికెట్, అంటువ్యాధి లేదని ఆరోగ్య శాఖ లేఖ, పాస్‌పోర్టు రద్దు, షికాగోలో మన కాన్సులేట్ ఇచ్చే అనుమతి. శుక్రవారం సాయంత్రం ప్రాణం పోతే సోమవారం దాకా సగం ఆఫీసులు తెరవవు. ‘శవాన్ని రోజుల తరబడి ఉంచేశారు’ అని మీ వ్యాసంలో ఉంది. అందులో చాలా భాగం ఈ ఎదురుచూపే. ఎవరో దాచిపెట్టి డబ్బు గుంజడం కాదు. ఒక అబ్బాయి నన్ను ‘అక్కా, టెన్షన్‌గా ఉంది, వాళ్ల నాన్నగారు గంటకోసారి ఫోన్ చేస్తున్నారు, ఏం చెప్పాలి?’ అని అడిగాడు. ఫోన్ నాకివ్వమన్నాను.

ఆయన ఏడవలేదు. తేదీలు అడిగి రాసుకున్నాడు. తర్వాత ఫోన్ వాళ్లావిడ తీసుకుంది. ‘అమ్మా, మీరు తెలుగువాళ్లా’ అంది. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘దాని ముఖం చూడొచ్చా?’ అంది. చూడొచ్చండి అన్నాను. ‘దానికి పాపిడి మధ్యలో తీస్తే నచ్చదు, ఎడం పక్కకి తియ్యండి’ అంది.

ఆ పని నాకు అయిదు గంటలు పట్టింది. నుదుటి మీద గాయానికి మైనం పెట్టి, రంగు కలిపి అద్ది, మళ్లీ చెరిపి మళ్లీ అద్ది. ఇక్కడి కాస్మెటిక్స్ తెల్లవాళ్ల చర్మాన్ని చూసి చేసినవి, మన చామనచాయ వాటిలో దొరకదు. నా సొంత పౌడరు డబ్బా వాడాను. పాపిడి ఎడం పక్కకి తీశాను. తల్లి పంపమన్న సల్వార్ కమీజ్ రూమ్మేట్లు తెచ్చిచ్చారు. పెట్టె షికాగో విమానాశ్రయానికి వెళ్లిన నాలుగో రోజు ఆవిడ మెసేజ్ పెట్టింది, రెండే మాటలు: చూశాను తల్లీ. రేథర్ చెప్పింది నాకు పుస్తకంలో కన్నా ఆ రెండు మాటల్లో బాగా అర్థమైంది. ఆ బిల్లుతో పాటు ధరల పట్టిక కూడా ఆ పిల్లల చేతిలో మొదటి రోజే పెట్టాను. దాని వల్ల ఎవరి మర్యాదా పోలేదు.

మన కుటుంబాలు ఇక్కడే దహనం చేయాలనుకుంటే వచ్చే చిక్కులు వేరు. మనకి పోయిన రోజే, కుదరకపోతే మర్నాడే అయిపోవాలి. విస్కాన్సిన్ చట్టం ప్రకారం మామూలుగా 48 గంటలు గడవందే దహనం చేయకూడదు, ఆ పైన మరణ కారణం తేల్చే అధికారి, అంటే కరోనరో మెడికల్ ఎగ్జామినరో, చూసి అనుమతి ఇవ్వాలి. ఇది నేను చెబితే ‘డబ్బు ఇస్తాం, త్వరగా చేయించండి’ అనేవాళ్లున్నారు. డబ్బుతో ఆ గడియారం తిరగదు. ఛాతీలో పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి, తీయకపోతే మంటల్లో పేలుతుంది. దహనశాల లోపల నిప్పు వెలిగించనివ్వరు కాబట్టి కొడుకు చేత కొలిమి బటన్ నొక్కిస్తాం. మొదట్లో నాకూ అది వింతగా అనిపించేది. ఒక పంతులుగారు మాత్రం ‘అగ్ని అగ్నే, ఎలా వచ్చిందని అడగదు’ అని మంత్రం చెప్పించారు. గంటలు గడిచాక చేతికొచ్చే అస్థికలు రెండు మూడు కిలోలు ఉంటాయి. విమానంలో పట్టుకెళ్లేటప్పుడు ఎక్స్‌రేకి అడ్డుపడని డబ్బాలో పెట్టించుకోండి. ఇత్తడి చెంబులో పెట్టి తెస్తే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు.

ఖర్చు సంగతి. ఒకప్పుడు ధరల ప్రకటనే వద్దన్న ఆ జాతీయ సంఘమే ఇప్పుడు లెక్కలు తనే అచ్చువేస్తోంది. 2023లో, ముఖం చూసే ఏర్పాటుతో ఖననానికి మధ్యస్థ ఖర్చు 8,300 డాలర్లు, అదే దహనమైతే 6,280 డాలర్లు. చూడటం, హాలు ఏమీ లేకుండా నేరుగా దహనం చేయిస్తే ఇందులో చిన్న భాగంతో అయిపోతుంది, ఊరిని బట్టి, ఫ్యునరల్ హోమ్‌ని బట్టి చాలా తేడా ఉంటుంది. అందుకే ముగ్గురికి ఫోన్ చేయండి అంటాను. ఫోనులో చెప్పకపోతే వాళ్ల దగ్గరికి వెళ్లకండి. పట్టికలో బేసిక్ సర్వీసెస్ ఫీజు, అంటే ఫ్యునరల్ హోమ్ మూల సేవల రుసుము, ఒక్కటే కాదనలేనిది. మిగతావి చాలావరకు మీకు కావాలంటేనే. 1960లో ఇక్కడ వందలో నలుగురికి కూడా దహనం చేసేవాళ్లు కాదు. ఇప్పుడు అరవై దాటింది. కాబట్టి దహనం అడిగితే వింతగా చూస్తారేమో అని మొహమాటపడక్కర్లేదు. డబ్బు నిజంగా లేని కుటుంబమైతే, శవాన్ని ఇండియాకి పంపడానికి కాన్సులేట్ దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది, అడగండి. నిధి సేకరణ పేజీలు తర్వాత పెట్టుకోవచ్చు.

ధరలను వెబ్‌సైట్‌లో కూడా పెట్టించాలా అని ట్రేడ్ కమిషన్ 2022లో జనాన్ని అభిప్రాయాలు అడిగింది. మా ధరలు పెట్టమని నేను మా ఓనరుతో వాదించి పెట్టించాను. ఆయన ఆరు నెలలు గొణిగాడు. పక్క ఊరివాడు మన రేటు చూసి తగ్గిస్తాడు అన్నాడు. తగ్గిస్తే తగ్గించనివ్వండి అన్నాను. బ్రూక్‌ఫీల్డ్‌లో సంఘం గ్రంథాలయానికి రేథర్ పేరే పెట్టారు. మొన్నామధ్య అటు వెళ్తూ కారు ఆపి మా పట్టిక ఒక కాపీ ఆయన పేరుకి పోస్టు చేద్దామా అనుకుని నవ్వుకున్నాను.

ఇక సవరణ. మీ వ్యాసం రెండో కాలమ్‌లో ‘అమెరికా చట్టం ప్రకారం ఎంబామింగ్ తప్పనిసరి’ అని ఉంది. అది తప్పు. శవాన్ని విమానంలో ఇండియాకి పంపేటప్పుడు కావాలి. ఇక్కడే త్వరగా దహనం చేసేటప్పుడు అక్కర్లేదు, ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. మామయ్యగారప్పుడు మాకు చెప్పిన అబద్ధం అక్షరాలా అదే. మీ పత్రిక చదివి ఇక్కడికి వచ్చే పిల్లలూ, వాళ్లని చూడటానికి వచ్చే పెద్దవాళ్లూ చాలామంది ఉన్నారు. దయచేసి ఆ వాక్యం సవరించి వేయండి.

నా పేరు వేయకండి. మా అమ్మ మీ పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. నేను ఆస్పత్రిలో ల్యాబ్‌లో పనిచేస్తున్నానని చుట్టాలందరికీ చెప్పుకుంది.

ఇట్లు,
విస్కాన్సిన్ నుంచి ఒక పాఠకురాలు